కావా వేళ్ళ కట్ట

సువా, ఫిబ్రవరి 9. పొద్దున్నే ఆశ్చర్యం: దీవి ఊరి చేపల మీద మేం తలపెట్టిన పరిశోధనకు నిధులొచ్చాయి. ప్రధాన పరిశోధకుడు బ్రిస్బేన్ ప్రొఫెసర్ హార్లీ అట. దరఖాస్తు మొత్తం రాసిన మా ఉనైసి మేడం పేరు చివర్లో, "స్థానిక సహాయకురాలు" అని ఉంది.

మేడం ఇదేమిటని అడిగితే ఫోన్లో ఆయన నవ్వాడు. "పేరుదేముందమ్మా, పని ముఖ్యం. ఊరి పెద్ద ముందు పెట్టే కావా వేళ్ళ కట్ట కొన్నావా?"

"కొన్నాను సార్," అని మేడం ఫోన్ పెట్టేసింది. మా ఫిజీలో పానీయం చేసుకునే ఆ వేళ్ళే ఊరి పెద్దకిచ్చే మర్యాద.

నాకు ఒళ్ళు మండింది. "ఇంకా ఆయన కోసం కట్టలు మోస్తారా మేడం?"

"ఆయన కోసమని ఎవరన్నారే పిచ్చిదానా? నేను కట్ట పెట్టి అడిగితేనే ఊరు అనుమతిచ్చింది. దాన్ని రద్దు చెయ్యమనాలన్నా కట్ట పెట్టే అడగాలి. ఆ తర్వాత ఒక్క చేపని ముట్టుకోమను, చూస్తాను! రేపు పొద్దున ఆరింటి పడవకి వచ్చెయ్."