చివరి గది

హేమలతగారు ఆదరించడానికి బయల్దేరిందంటే అవతలివాళ్ళు ఆదరణ పొంది తీరాల్సిందే.

ఆవిడ ఉండేది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో. అక్కడి తెలుగు చర్చి సంఘంలో, కష్టంలో ఉన్నవాళ్ళను ఓదార్చే ఆదరణ బృందానికి పెద్ద. ఒకరోజు మదనపల్లె పాస్టరుగారు ఫోను చేశాడు. మా పుష్పావతి అనే విశ్వాసి మీ ఊరొచ్చింది, మొగుడు పోయాడు, ఏడాది తిరక్కుండా కొడుకూ పోయాడు, హెబ్బగోడిలో సొన్నప్ప వఠారంలో చివరి గదిలో ఉంటోంది, విశ్వాసం చల్లారకుండా చూడండమ్మా అన్నాడు. పోయినవాళ్ళ పేరెత్తితే తట్టుకోలేదు, ఆ మాట మాత్రం తేవద్దన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు గానీ, ఆవిడ అప్పటికే ఫోను పెట్టేసి పాటల పుస్తకాలు సర్దుతోంది.

ఆ ఆదివారం సాయంత్రమే బృందం వఠారం గేటు దగ్గర దిగింది. ఆరాధనలో వెనక వరసలో కూర్చునే సన్నపాటి సిస్టరొకావిడ వీళ్ళకంటే ముందే అక్కడ నిలబడి ఉంది. ప్రార్థనకైతే నేనూ వస్తానక్కా అంది. అడక్కుండా వచ్చిన సాయం వదులుకోవడమెందుకని హేమలత ఆవిడ చేతికి చాప ఇచ్చింది.

వరస పొడుగునా నడిచి చివరి గది తలుపు కొట్టారు. తలుపు తీసినావిడ నుదుట రూపాయంత బొట్టు, తల్లో కనకాంబరాలు, వెనక గోడమీద వెంకన్న పటం. హేమలత ఆ పటం వంకే చూసింది. విశ్వాసం చల్లారడమేమిటి, ఆ పొయ్యిలో పిల్లి కూడా పడుకున్నట్టుంది.

"ఏమిటి సిస్టర్ ఇది?"

సంఘంలో పేర్లతో పనిలేదు. ఆడవాళ్ళంతా సిస్టర్లే, మగవాళ్ళంతా బ్రదర్లే.

"నేనా దేవుణ్ణి ఎరగనక్కా..."

"ప్రభువు వెంట తిరిగిన పేతురు కూడా ఎరగనన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. కూర్చో" అని హేమలత పాట ఎత్తుకుంది.

ఆ ఇల్లాలు కూర్చుంది. గడపదాకా వచ్చినవాళ్ళను పొమ్మనే అలవాటు వాళ్ళింటా వంటా లేదు. నీ కష్టాలు మాకు తెలుసంటే, కష్టాలు లేనిదెవరికక్కా అంది. పోయినదాన్ని తల్చుకోకంటే కళ్ళొత్తుకుంది. వాక్యం పనిచేస్తోందనుకుంది హేమలత.

ఇక ప్రతి ఆదివారమూ అదే యుద్ధం. వెంకన్న మీద వాక్యాల క్యాలెండరు తగిలిస్తే, మళ్ళీ వచ్చేసరికి అది మర్యాదగా పక్క మేకుకు జరిగి ఉండేది. బొట్టు తగ్గలేదు. పైగా ఆ ఇల్లాలు వేడివేడి బజ్జీలు పెట్టి, అయ్యోపాపం ఎంత దూరం నుంచి వస్తారోనని ఎదురు వీళ్ళనే ఓదార్చేది.

చిక్కల్లా చాప సిస్టరుతోనే. "నీ కుమార్తె ఏం పోగొట్టుకుందో నీకు తెలుసు ప్రభువా" అంటే చాలు, ఆవిడకు వెక్కిళ్ళు వచ్చేవి. ఆదరించాల్సింది ఆవిణ్ణి, మిమ్మల్ని కాదు సిస్టర్ అని హేమలత ఒకసారి మందలించింది కూడా. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని సరేనక్కా అంది. మనిషి మాత్రం మంచిది. ఒక్క వారం తప్పలేదు. అందరికంటే ముందు గేటు దగ్గరుండేది. అందరూ బయల్దేరాక గ్లాసులు కడిగిపెట్టి వస్తానని ఉండిపోయేది.

మొన్నటి ఆదివారం తలుపు తీసేసరికి గదిలో లుంగీ కట్టుకున్న మగమనిషి సంగటి తింటున్నాడు.

హేమలత వెనక్కి తిరిగింది. తక్కినవాళ్ళను బయటే ఆపి తనొక్కతే లోపలికెళ్ళింది.

"ఎవరమ్మా ఈయన?"

"మా ఆయనక్కా. దొడ్డబళ్ళాపురంలో కట్టడం పని. ఎప్పుడో ఒకసారి వస్తాడు."

"మరి చనిపోయినాయన?"

సంగటి ముద్ద ఆయన నోటిదగ్గరే ఆగిపోయింది.

"చనిపోయేదేందక్కా, మీ ఎదురుగా కూచోనుండాడు కదా."

"నువ్వు పుష్పావతివి కావూ?"

"లక్ష్మీదేవిని. మొదటి దినమే చెప్పబోతే మీరు పాటెత్తుకుంటిరి. పోయినదాన్ని తల్చుకోకంటే, నా సెల్‌ఫోను పోయిన సంగతి మీకెట్ల తెలిసెనా అనుకుంటి. చివరి గదంటే ఈ వరసకు రెండు చివరలుండాయి కదక్కా, ఆ చివర..."

ఇంకేదో చెప్పబోయింది గానీ, వినడానికి హేమలత అక్కడ ఉంటేగా.

గేటు దాకా వచ్చి మెట్టుమీద కూలబడింది. ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ఇన్నాళ్ళూ తను బజ్జీలు తింటూ కూర్చుంది. మొగుణ్ణీ కొడుకునూ మట్టికిచ్చి ఊరుగాని ఊరొచ్చిన మనిషి తలుపు మాత్రం ఎవరూ తట్టలేదు. చాప చంకన పెట్టుకుని వెంటే వచ్చిన సిస్టరు పక్కన నిలబడింది.

"ఆ పుష్పావతి ఎట్లా ఉందో సిస్టర్. పలకరించే దిక్కు లేకపోతే ఏం చేస్తుంది? దేవుణ్ణి ఎప్పుడో వదిలేసి ఉంటుంది."

కొంగుముడి విప్పి తాళంచెవి తీసి, గేటు పక్కనున్న ఈ చివరి గది తలుపు తెరుస్తూ, "వదల్లేదక్కా, లోపలికి రండి" అంది చాప సిస్టరు.