దారి మూసిన బోర్డు

పాత వంతెనకి అడ్డంగా సర్కారు ఇంజనీరు ‘ప్రమాదం’ బోర్డు పెట్టించాడు. పక్కనే టీకొట్టు నడిపే అతని అక్క మండిపడింది.

“నిక్షేపంలాంటి వంతెనరా! దీనికేం రోగం?”

“ఏ రోగమూ లేదక్కా. కొత్త వంతెన కట్టిన కంపెనీకి టోలు తగ్గితే, ఆ నష్టం సర్కారే పూడ్చాలని ఒప్పందం. దీన్ని మూసేస్తే బళ్లన్నీ అటే పోతాయి.”

“లాభమొస్తే?”

“కంపెనీది.”

“అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది! మరి రేపు ఆ కొత్తది కూలితే ఎవరి నెత్తిన?”

తమ్ముడు మాట మార్చాడు.

సాయంత్రం అక్క కొట్టు కట్టేసి, కూతుర్ని వెనక ఎక్కించుకుని, మోపెడ్‌ని కొత్త వంతెన వైపు తిప్పింది. తమ్ముడు పరుగున వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి, బోర్డుని కొంచెం పక్కకి జరిపాడు.

“నువ్వు మాత్రం దీనిమీదే పో అక్కా.”