మూడో ప్రశ్న

"ముత్యాలా? గీ గల్లీలనా?"

గడప దగ్గర కూర్చున్న ముసలాయన పకపకా నవ్వాడు.

సుజాతకు ఒళ్లు మండింది.

ముంబై కామాఠిపుర పదకొండో గల్లీలో తెలుగువాళ్ల సమాజం హాలు అది. రోజూ పొద్దున ఏడింటికి అక్కడ అరగంట రాత సాధన. సుజాత బోర్డు మీద ఒక అంశం రాస్తుంది. పదిమంది, పది నిమిషాలు, పెన్ను ఎత్తకుండా రాయాలి. అందరూ మరాఠీ బడిలో చదివి, తెలుగు అక్షరాలు సుజాత దగ్గరే దిద్దుకున్నవాళ్లు.

ఆ రోజు అంశం 'ముంబై వాన'. ఇంటర్నెట్‌లో దొరికింది. పదిమందిలో ఏడుగురు వాన ముత్యాల్లా కురిసిందనే రాశారు.

ముసలాయన పేరు మల్లయ్య. కంటి ఆపరేషన్ కోసం పాలమూరు నుంచి కూతురింటికి వచ్చాడు. ఎవరూ పిలవకపోయినా వారం నుంచి వచ్చి గడప దగ్గర కూర్చుంటున్నాడు. మొదటి రోజు సుజాత నోటుబుక్కు ఇస్తే తీసుకోలేదు.

"చెయ్యి పని చెయ్యదు బిడ్డా" అన్నాడు.

చదువు రానివాళ్లు చెప్పే సాకే అనుకుంది సుజాత.

"కాకా, నవ్వొస్తే బయటికి పోయి నవ్వు" అంది ఇప్పుడు.

మల్లయ్య వినిపించుకోలేదు. ముందు వరసలో ఉన్న పూనం వైపు తిరిగాడు.

"నిన్న వాన పడ్డనాడు పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"చాయ్, పావ్."

"ఎవర్ని చూసినవ్?"

"అమ్మను."

"అమ్మకు చెప్పకుంట ఏం దాసిపెట్టినవ్?"

పూనం తల దించుకుంది.

"గదే. గా మూడోది రాయి."

పూనం రాసింది. లేచి పైకి చదివింది.

'తెల్లవారుజామున కప్పు కారింది. అమ్మ పక్క తడిసింది. లేస్తే బకెట్లు మోయాలని నేను నిద్ర నటించాను. అమ్మ తన దుప్పటి నాకు కప్పి, గోడకు ఆనుకుని కూర్చుంది.'



సంతోషించాల్సింది పోయి సుజాత కుతకుతలాడింది. రెండేళ్లుగా తను మొత్తుకున్నా రానిది, దారిన పోయే ముసలాయన మూడు ప్రశ్నలతో రప్పించాడు. అది ఆమెకు మింగుడుపడలేదు.

ఆ కోపంలో బ్యాగు హాల్లోనే మర్చిపోయి డ్యూటీకి వెళ్లింది.

మర్నాడు మల్లయ్య మళ్లీ వచ్చాడు.

"ఈ పొద్దే ఆఖరు బిడ్డా. పది గంటల బస్సుకు ఊరికి పోతున్న. జర కూసుంట."

 అసలైన రాత ఎలా ఉంటుందో ఈయనకూ తెలియాలి అనుకుంది సుజాత. బ్యాగులో ఎప్పుడూ వెంట ఉంచుకునే ప్లాస్టిక్ కవరు తీసింది.

"ఇవి మా తాత బుచ్చయ్య ఉత్తరాలు. వర్లిల బిల్డింగులకు సిమెంటు మోసుకుంట, ఊర్ల ఉన్న మా అవ్వకు రాసిండు. కూలిపనోడే, కాని తన చేత్తోని రాసిండు. నేను రాస్తున్నానంటే ఈ కాయితాల వల్లనే. ఇన్నాళ్లు ఎవరికీ చూపియ్యలే."

ఒక ఉత్తరం విప్పి చదివింది.

'బాలమ్మా, నిద్రల నీ పేరు పిలిచిననట. ఖోలీల నా పక్కన పన్నోళ్లందరు నవ్విన్రు. సిగ్గయింది...'

కాగితం తిప్పడానికి ఆగింది.

"ఇది చదివి వినిపించెటాయన గూడ నవ్వితె, నవ్వొద్దని చెప్పు."

ఆ తర్వాతి మాట అన్నది మల్లయ్య. మెల్లగా, గడప దగ్గర్నుంచి.

కాగితం మీద పొల్లు పోకుండా అదే ఉంది.

సుజాత ముఖం ఎర్రబడింది.

"నిన్న బ్యాగు ఇక్కడ్నే మర్చిపోయిన. నువ్వే తీసినవ్!"

"నేను తియ్యలే బిడ్డా."

"మరి నీకెట్ల తెలుసు? ఎవరితోని చదివించుకున్నవ్?"

మల్లయ్య నోరు తెరిచాడు. ఆమె చేతిలోని ఉత్తరాన్ని చూశాడు. చుట్టూ ఉన్న పదిమందినీ చూశాడు. మళ్లీ నోరు మూసుకున్నాడు.

"చోరీ చేసి మా ఇంటి ముచ్చట నలుగుర్ల పెడ్తవా? శరమ్ లేదా? వేలిముద్రగానివి, నువ్వు నాకు రాసుడు నేర్పుతవా? చల్, నడువ్!"

మల్లయ్య ఎడమచేత్తో కర్ర అందుకుని లేచాడు.

"మంచిగ రాయి బిడ్డా" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికి వచ్చినా సుజాత కోపం చల్లారలేదు. అవ్వ బాలమ్మ కిటికీ దగ్గర మెంతికూర తుంచుతోంది. సుజాత జరిగిందంతా అవ్వ ముందు వెళ్లగక్కింది.

"దొంగ ముసలోడు. మల్లయ్యనట."

బాలమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏ మల్లయ్య? కుడిచెయ్యి పడిపోయినాయననా?"

"నీకెట్ల ఎరుక?"

"నేను చూడలే. మీ తాత చెప్తుండె. కాయితం ముందల పెట్టుకోని మూడు అడుగుతుండెనట. ఏం తిన్నవ్, ఎవర్ని చూసినవ్, ఏం దాసిపెట్టినవ్ అని. మూడోది అడిగితె మీ తాత ఏడుస్తుండెనట. గా చెయ్యి పడిపోయినంక ఊరికి పోయిండని ఇన్న."



బాలమ్మ కవర్లోంచి ఉత్తరం తీసింది. అడుగున బుచ్చయ్య పేరు, పక్కన నీలి మరక. సిరా ఒలికిందని చిన్నప్పటి నుంచీ సుజాత అనుకునే మరక.

"నువ్వు చదువుకునే పిల్లవు, నీకు తెలిస్తె నామోషి అయితదని మీ తాత చెప్పనియ్యలే బిడ్డా."

సుజాత కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టింది. మరకలో సన్నని గీతలు ఉన్నాయి. బొటనవేలి గీతలు.

పది గంటల బస్సు ఈపాటికి సోలాపూర్ చేరి ఉంటుంది.

ఆ ఉత్తరాలన్నీ రాసింది, పొద్దున అన్ని తిట్లు తిని కూడా ఆమె తాతను పదిమందిలో వేలిముద్రగాణ్ని చేయలేక, నోరు మూసుకుని లేచిపోయిన మల్లయ్య.