రాగి పట్టీ మీద గీతలు

యుద్ధంలో నా భార్య అన్నయ్య కాలిలో దిగిందని చెప్పుకున్న ఫిరంగి గుండు ముక్క అది. ఆమె పోయాక, ఆమె పేరున మ్యూజియానికి ఇద్దామని తీసుకెళ్ళాను.

అక్కడి నిపుణుడు దాన్ని భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు.

“ఇది ఫిరంగి మొహమే చూడలేదు మాస్టారూ. పేలిస్తే గొట్టం లోపలి గాట్లు గుండు చుట్టూ బిగించే ఈ రాగి పట్టీ మీద గీతలు పెడతాయి. ఇదేమో నున్నగా ఉంది. అంచు చూడండి, రంపంతో కోశారు.”

“మా బావగారు ఇరవై ఏళ్ళుగా కుంటుతున్నారండీ.”

“కుంటనివ్వండి. ముక్క మాత్రం కాలిలోంచి తీసింది కాదు.”

అంతలో ఏదో గుర్తొచ్చి పాత రిజిస్టరు తెరిచాడు.

“ఇదివరకు ఎవరో ఆవిడ తెచ్చారిది. ఇదే మాట చెప్పాను. విని, నవ్వేసి వెళ్ళిపోయారు.”

సంతకం నా భార్యది. తేదీ పద్నాలుగేళ్ళ కిందటిది.

వేరే ఊళ్ళో నాకు ప్రిన్సిపాల్ ఉద్యోగం వచ్చిన వారం అది. ఆ తేదీకి మర్నాడే ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

“కాలు దెబ్బతిన్న అన్నయ్యను ఎవరి మీద వదిలేసి రమ్మంటారు?”

ఉద్యోగం వద్దని ఉత్తరం రాశాను. పోస్టులో వేసి వచ్చింది తనే.