చింతగింజ మిషన్

"దాన్ని ముట్టుకున్నవా?"

నాయనమ్మ సత్తెవ్వ గద్దింపుకు అరుగు మీది బాలలక్ష్మి ఉలిక్కిపడింది. కింద నిలబడ్డ వెలివాడ పిల్ల ఎల్లవ్వ పిప్పర్మెంటు బిళ్ళ నోట్లో వేసుకుంటోంది.

"ముట్టలే నాయినమ్మా. నేనియ్యలే, మిషనే ఇచ్చింది. టేషన్ల పైస ఏస్తే బరువు జూపే మిషన్ లెక్క. దీంట్ల పైసకు బదులు చింతగింజ ఎయ్యాలె."

అరుగు అంచున ఖాళీ నూనె డబ్బా ఉంది. దాని మూతకు సన్నని చీలిక, పక్కన దారం, కింద వెదురు గొట్టం ఉన్నాయి. సత్తెవ్వ అనుమానంగానే చీలికలో చింతగింజ వేసి దారం లాగింది. గొట్టంలోంచి బిళ్ళ జారి అరచేతిలో పడింది. నోట్లో వేసుకుని చప్పరించింది. ఆమె ముఖం విప్పారింది.

"అంటుముట్టు లేకుంట ఇచ్చుడు! మంచి తెలివి బిడ్డా నీది."

"నాది గాదు. ఎల్లవ్వ జేసింది."

సత్తెవ్వ దవడ ఆగిపోయింది.

"నువ్వు ఆమెకు ఏమిచ్చినా మీదికెల్లి ఇడుస్తవు గద, అవి మన్నుల పడుతున్నయని జేసింది. బిళ్ళలు గూడ గామెనే నింపింది."

ఉమ్మేయడానికి సత్తెవ్వ గబగబా అరుగు చివరికి వచ్చింది. అప్పటికే సగం బిళ్ళ కరిగి గొంతు దిగింది. కింద ఎల్లవ్వ ఆశగా తలెత్తి చూస్తోంది.

"తియ్యగున్నదా దొర్సానీ?"

సత్తెవ్వ ఉమ్మలేకపోయింది.