ఆకుపచ్చ పట్టుచీర

మార్చి పద్నాలుగున, నిహారిక సీమంతం నాడు, ఇంట్లో అందరూ పులిహోర, చలిమిడి తిన్నారు. చనిపోయిన తల్లి తనకోసం దాచిన ఆకుపచ్చ పట్టుచీరనే నిహారిక పట్టుబట్టి కట్టుకుంది.

ఊళ్లో రోడ్లకూ గోడలకూ ఆకుపచ్చ రంగు వేసి చాలా ఏళ్లయింది. డ్రైవర్ లేని బళ్లు తమ కెమెరా బొమ్మలోంచి ఆ రంగును తీసేసి, మిగిలినదే మనిషి అనుకుంటాయి. అలా రంగు తీసే జల్లెడను కీ అంటారు. ఒక కీ జుట్టును పట్టుకుంటే, ఇంకొకటి ఒంటిని పట్టుకుంటుంది. వాటిని కలపడమే నిహారిక తండ్రి శశిధర్ ఉద్యోగం.

"వీధి చివరికేగా నాన్నా. పిన్నికి చలిమిడి ఇచ్చి వచ్చేస్తా."

"ముందు ఆ వాకిలి మెట్టు మీద నిలబడు తల్లీ. బళ్లకి కనిపిస్తావో లేదో చూస్తా."

బళ్లకి కనిపించేదే చూపించే శశిధర్ తెర మీద ఆమె తల కనబడింది, చేతులు కనబడ్డాయి. మధ్యలో ఖాళీ రోడ్డు. శశిధర్ జరీ అంచు కోసం మూడో కీ చేసి కలిపాడు. కడుపు చుట్టూ సన్నని గీత వచ్చింది కానీ లోపల ఏమీ లేదు. లోపల నింపబోతే రోడ్డంతా మనిషైపోతోంది.

"అంతసేపేంటి? తెరలో పట్టనంత లావయ్యానా?"

అతను జవాబు చెప్పేలోగా ఒక బండి వేగం తగ్గించకుండా మెట్టును రాసుకుంటూ పోయింది. ఆ గాలికి ఆమె కొంగు మాత్రమే ఎగిరింది.

నిహారిక రెండు చేతులతో కడుపు పట్టుకుంది. "చీర మార్చుకోనా నాన్నా?"

"వద్దమ్మా. పిన్నినే రేపు రమ్మందాం."

శశిధర్ ఆమెను లోపలికి నడిపించి, ఆ రాత్రికి తలుపు చప్పుడు కాకుండా మూశాడు.