పదకొండు గంటల ఆట

“కోసెయ్యమంటావా?” గ్యాస్ కట్టర్ చేత పట్టుకుని మెకానిక్ బసవపున్నయ్య మూడోసారి అడిగాడు. “పాత ఇంజన్ కూర్చున్న దిమ్మలు కోశానంటే మళ్లీ అది దీంట్లో పట్టదు. ఆలోచించుకో నర్సయ్యా.”

“కొయ్యన్నా. ఆలోచించుడు అయిపోయింది,” అన్నాడు బాలనర్సయ్య.

షేక్‌పేటలోని ఆ మెకానిక్ షెడ్డు ముందు నిలబడ్డ చిన్న పికప్‌కు పద్దెనిమిదేళ్లు. ఫిల్మ్‌నగర్ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ థియేటర్లకు కొత్త సినిమాల రీళ్ల పెట్టెలు బాలనర్సయ్య చేరవేసేది దాని మీదే. విడుదల రోజు ప్రింట్లు తీసే ల్యాబు నుంచి పెట్టెలు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. ఎప్పుడొచ్చినా పదకొండు గంటల ఆటకు మాత్రం అందాలి.

పోయిన నెల అందలేదు. దారిలో బండి పొగ కక్కి కూర్చుంది. సంగారెడ్డి థియేటర్లో పాత సినిమా ఏదో వేసి జనాన్ని గంటన్నర ఆపారు. ఆ తర్వాత జనం కుర్చీలు విరగ్గొట్టారు. ఆ థియేటర్ ఓనరు కమలాకర్ అందరి ముందూ బాలనర్సయ్య కాలర్ పట్టుకుని, “ఇంకొక్కపారి లేటైతే నీ మొఖం సూపియ్యకు,” అన్నాడు. యాభై దాటిన మనిషికి ఆ అవమానం ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

బంజారా హిల్స్‌లో చెట్టును గుద్దుకున్న ఫారిన్ జీపు ఇంజన్ ఒకటి తుక్కు దుకాణంలో ఉందని తెలిసింది. రోజూ కిరాయికి తిప్పే తన ఆటో ఇచ్చేసి దాన్ని తెచ్చుకున్నాడు.

“అన్నం పెట్టే ఆటో ఇచ్చి ఇనుప ముద్ద తెచ్చినవ్. ఇంక ఈ బండి గూడ పోతే ఏం తింటం?” అని భార్య మల్లమ్మ రెండు రోజులు గొడవపెట్టింది.

“మేకల దొడ్లో ఏనుగును కట్టమంటున్నావు,” అని విసుక్కుంటూనే బసవపున్నయ్య పన్నెండు రోజులు కష్టపడ్డాడు. కొత్త దిమ్మలు వెల్డింగ్ చేశాడు, షాఫ్టు కోసి కురచ చేశాడు. రేడియేటర్‌కు చోటు చాలక అది ముందుకు పొడుచుకొచ్చింది. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పక్క టీకొట్టులో గ్లాసులు గలగలలాడాయి. బాలనర్సయ్య చిన్నపిల్లాడిలా నవ్వాడు.

“వేగం నేనిచ్చాను. బ్రేకులు మాత్రం పాతవే. ఒళ్లు దగ్గర పెట్టుకుని తోలు,” అన్నాడు బసవపున్నయ్య.

శుక్రవారం తొమ్మిదింపావుకు ఆఫీసు మేనేజరు సుబ్బరామయ్య ఒకే ఒక పెట్టె తెచ్చి బండిలో పెట్టించాడు.

“కడమ రెండు ఊర్లవి ఏవి సార్?” అడిగాడు బాలనర్సయ్య.

“అక్కడికి వేరే ఏర్పాటు చేశారయ్యా. ఎందుకైనా మంచిది, సంగారెడ్డిది మాత్రం ఒక పెట్టె తన దగ్గర ఉండనీ అన్నాడు కమలాకర్.”

బాలనర్సయ్య ఆ ఒక్క పెట్టె వైపు చూశాడు. రెండు ఊళ్లు వేరే డ్రైవర్ చేతికి పోయాయన్నమాట. మిగిలింది ఈ ఒక్కటే. ఇది కూడా జారితే అంతా అయిపోయినట్టే.

“పదిన్నరకే గాడ ఉంట సార్. జర నమ్ముండ్రి.”

“అంత కంగారేం లేదులే. నెమ్మదిగా వెళ్లు,” అన్నాడు సుబ్బరామయ్య.

పోయినసారి ఆలస్యానికి ఎత్తిపొడుస్తున్నాడనిపించి బాలనర్సయ్య చెవులు ఎర్రబడ్డాయి. కసికొద్దీ ఇంజన్ గర్జింపజేశాడు. సుబ్బరామయ్య ఆ బండిని చూసి తల అడ్డంగా ఊపుతూ లోపలికి వెళ్లిపోయాడు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాబులు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. తొక్కితే దూకే ఇంజన్ పెట్టుకుని బాలనర్సయ్య నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. హారన్ కొట్టాడు, దిగి దండాలు పెట్టాడు, దారి దొరక్క మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.

పోయినసారి కమలాకర్ ఐదు నిమిషాలకోసారి ఫోన్ చేసి తిట్టాడు. ఈసారి సెల్లు మోగనే లేదు. తిట్లకైనా నోచుకోలేదే అని బెంగ పట్టుకుంది. ఎర్రగడ్డ దాటుతూ తనే ఫోన్ చేశాడు. కమలాకర్ కట్ చేశాడు.

పటాన్‌చెరు దాటాక రోడ్డు ఖాళీ దొరికింది. బండి ఎగిరిపోయింది. లారీలు వెనకపడ్డాయి. ఒక మలుపులో ఆర్టీసీ బస్సు ఎదురొచ్చింది. బ్రేకు పట్టలేదు. బండి రోడ్డు దిగి, రాళ్ల మీద ఎగిరెగిరి పడి, ఎలాగో మళ్లీ రోడ్డెక్కింది. అయినా యాక్సిలరేటర్ మీంచి కాలు మాత్రం తియ్యలేదు.

థియేటర్ చేరేసరికి పదకొండూ ఇరవై. గేటు దగ్గర పురుగు లేదు. లోపల్నుంచి ఈలలు, పాట వినిపిస్తున్నాయి. మళ్లీ పాత సినిమా వేసి జనాన్ని కూర్చోబెట్టారని అర్థమైపోయింది. కుర్చీలు విరిగేలోగా అందించాలి. పెట్టె భుజానికెత్తుకుని మెట్లెక్కాడు.

ప్రొజెక్టర్ గదిలో ఆపరేటర్ శ్రీకాంత్ కాళ్లు చాపుకుని పల్లీలు తింటున్నాడు.

“తెచ్చిన తమ్మీ! ఆ పాత బొమ్మ ఆపు,” రొప్పుతూ అన్నాడు బాలనర్సయ్య. “కమలాకర్ సేటుకు జర చెప్పు, ట్రాఫిక్‌ల ఇరుక్కున్న. ఇంజన్ మార్చిన, ఆటో గూడ ఇచ్చేసిన. ఇంక జిందగీల లేటు గాదని చెప్పు. నీ కాళ్లు మొక్కుత.”

శ్రీకాంత్ గబుక్కున లేచి అతని భుజం మీది పెట్టె దించి మూలన పెట్టాడు. మంచినీళ్ల సీసా అందించాడు. మొహంలోకి చూడలేక కిందికి చూస్తూ అన్నాడు.

“లోపల ఆడేది కొత్త బొమ్మనే. రాత్రే శాటిలైట్‌ల కెళ్లి దిగింది, నర్సన్నా.”